కార్తీక వానల్లో జ్వరమొస్తే పార్కిన్సన్స్ మాత్ర ఆపొద్దు

పార్కిన్సన్స్ మెదడు జబ్బు కాదు, రక్తంలోని రోగనిరోధక కణాల వల్ల వచ్చేది, వాడే మాత్రలు దండగ అనే మాట ఫోన్లలో తిరుగుతోంది. ఇందులో కొంత నిజం ఉండబట్టే ఎక్కువ ప్రమాదం. పార్కిన్సన్స్ ఉన్న కొందరి రక్తంలో టీ కణాలు అనే రోగనిరోధక కణాలు ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముక్కలపై దాడికి దిగుతున్నాయని 2017లో కొలంబియా విశ్వవిద్యాలయం, లా హోయా సంస్థ పరిశోధకులు చూపించారు. కానీ ఆ కణాలను అదుపు చేసి పార్కిన్సన్స్ తగ్గించే ఆమోదిత మందు ఇంతవరకు లేదు. మనిషిని నడిపిస్తున్నది, మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం లోటు తీర్చే మాత్రే. దాన్ని ఆపొద్దు.

జ్వరం వచ్చినప్పుడు ఏం జరుగుతుంది

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. డెంగీ, నిమోనియా వాటి వెంటే వస్తాయి. ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరగానే రక్తంలోని మోనోసైట్ల వంటి తెల్లకణాలు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావం మెదడు దాకా పోతుంది. నిన్నటిదాకా తిరిగిన పెద్దాయన మంచం దిగలేడు, వణుకు పెరుగుతుంది, మాట ముద్దగా వస్తుంది, లేని మనుషులు కనబడతారు. ఇంట్లోవాళ్లు మాత్ర వికటించిందనుకుని ఆపేస్తారు. మనుషుల్ని ముంచేస్తున్న తప్పు ఇదే. ఇన్ఫెక్షన్ తగ్గితే చాలావరకు కోలుకోవాల్సిన మనిషిని ఐసీయూ దాకా తెస్తుంది.

లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర (సిండోపా లాంటిది) వేసుకున్నాక రక్తంలో లెవోడోపా సగానికి పడిపోవడానికి సుమారు గంటన్నర చాలు. కొన్ని డోసులు తప్పినా ఒళ్లు బిగుసుకుంటుంది. హఠాత్తుగా మానేస్తే విపరీతమైన జ్వరం, మగత, చెమటలు, బీపీ ఎగుడుదిగుడు. కండరాలు చితికి, వాటి వ్యర్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది. ప్రాణమే పోవచ్చు. పార్కిన్సన్స్‌కే వాడే అమాంటడిన్, ప్రమిపెక్సోల్ కూడా ఒక్కసారిగా మానకూడదు.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి

కార్తీక సోమవారం ఉపవాసమున్నా మాత్ర, నీళ్లు మానొద్దు.

జ్వరానికి పారాసెటమాల్ సరే. డెంగీ అనుమానముంటే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు.

వాంతులకు మెటోక్లోప్రమైడ్ (పెరినార్మ్), ప్రోక్లోర్‌పెరజిన్ (స్టెమెటిల్) సూదైనా మాత్రైనా వేయించొద్దు. మెదడులో డోపమైన్ పనిచేసే చోటునే మూసేస్తాయి. వేస్తే మాత్ర ఆపినట్టే. ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వొచ్చేమో అడగండి. అపోమార్ఫిన్ అనే పార్కిన్సన్స్ మందు వాడేవాళ్లకు అదీ కూడదు.

గ్యాస్ మాత్ర అట్ట తిప్పి చదవండి. పాంటప్రజోల్, రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ అని ఉంటే వద్దు.

రాత్రి కలవరిస్తున్నాడని హాలోపెరిడాల్ వేయనివ్వొద్దు.

రసాజిలిన్ అనే పార్కిన్సన్స్ మాత్ర వాడేవాళ్లకు నొప్పి మందు ట్రమడాల్ వద్దు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ వద్దు.

ఇన్ఫెక్షన్లో రోగనిరోధక కణాలను అణచాలని సొంతంగా స్టెరాయిడ్ వాడొద్దు.

దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంటుంది. ఆ పొడిని మాత్రకు తోడుగానూ, బదులుగానూ వాడొద్దు.

పడుకోబెట్టి మాత్ర మింగించొద్దు. కూర్చోబెట్టండి.

సెలైన్ పెట్టి, నోటికి ఏమీ ఇవ్వొద్దంటే, పార్కిన్సన్స్ మాత్ర ఎలా ఇస్తారో అప్పుడే అడగండి. ముక్కు గొట్టంలోంచి మామూలు మాత్ర నూరి నీళ్లలో కలిపి ఇస్తారు. మందు మెల్లగా వదిలే సీఆర్ మాత్ర నూరకూడదు. డాక్టరు వేరే డోసు రాయాలి. ఏమైనా మాత్ర మాత్రం ఆపొద్దు.

పదిహేను రోజుల మాత్రలు ముందే కొనిపెట్టుకోండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది.

మాత్రల పేరు, మిల్లీగ్రాములు, వేసే గంటలు కాగితం మీద రాసి అట్టలతో కలిపి కవర్లో ఉంచండి. ఆర్ఎంపీ దగ్గరికెళ్లినా అది చూపించండి.

ఒళ్లు కర్రలా బిగుసుకుని, జ్వరం దిగక, మగతగా ఉండి, మూత్రం కాఫీ రంగులోకి మారితే ఊళ్లో సూది వేయించుకుని చూద్దామనుకోవద్దు. నెల్లూరో ఒంగోలో, దగ్గరున్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లి, ఎన్ని డోసులు తప్పాయో చెప్పండి, కండరాలు చితికాయేమో తెలిపే సీపీకే రక్తపరీక్ష చేయమని అడగండి.