పిడికెడు అంటే ఎంత?

దూరాన ఉండి ఇంటి పండుగను నిలుపుకోవాలంటే, పండుగ వంటల తయారీ విధానం ఫోనులో అడిగి రాసుకుంటే సరిపోదు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు పెద్దవాళ్లు పనిలో ఉండగా వీడియో తీయండి. ముఖం కాదు, చేతులు కనిపించాలి. వాళ్లు ‘పిడికెడు’ అన్నప్పుడల్లా దాన్ని వంటింటి త్రాసులో వేసి గ్రాములు రాసుకోండి. అమ్మ పిడికిలి, మీ పిడికిలి ఒకటి కావు. మధ్యమధ్య ‘ఎందుకలా?’ అని అడగండి, విసుక్కున్నా సరే. పాత కబుర్లన్నీ ఆ విసుగులోనే బయటపడతాయి. ఆ వీడియోను ఫోనుతో పాటు మరోచోట కూడా దాచండి.

పండుగనాడు అన్నీ చేయబోయి అలసిపోకండి. ఒక్కటి ఎంచుకుని ఏటా అదే చేయండి. వీడియో కాల్ వేళ మాత్రం ముందే ఖాయం చేసుకోండి, మీకు తెల్లవారేసరికి అక్కడ సందడి ముగిసిపోవచ్చు.