ల్యాబ్‌లో రెగ్యులేటరీ టీ కణాల తయారీ: ఐఎల్-6తో జాగ్రత్త

శరీరం తన మీద తనే తిరగబడకుండా ఆపేవి రెగ్యులేటరీ టీ కణాలు. వీటి కోసం ఎలుక ప్లీహం నుంచి, ఇంకా ఉత్తేజం పొందని సీడీ4 కణాలను (ఒక రకం టీ కణాలు) వేరుచేయండి. ముందురోజు రాత్రే యాంటీ-సీడీ3 పూసి ఉంచిన ప్లేటులో వేసి, యాంటీ-సీడీ28తో పాటు (ఈ రెండూ టీ కణాలను ఉత్తేజపరిచే యాంటీబాడీలు) మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల టీజీఎఫ్-బీటా, 100 యూనిట్ల ఐఎల్-2 అనే సంకేత ప్రోటీన్లు కలపండి. 37 డిగ్రీల దగ్గర 3, 4 రోజులు ఉంచాలి.

దెబ్బతినేది ఎక్కువగా శుద్ధిలోనే. వేరే కణాలు మిగిలిపోతే ఐఎల్-6 అనే మరో సంకేత ప్రోటీన్‌ను వదులుతాయి. అది తగిలిందా, అదే టీజీఎఫ్-బీటా, శరీరంలో వాపు, మంట పెంచే టీహెచ్17 కణాలను పుట్టిస్తుంది. మంట ఆర్పాల్సినవే మంట పెడతాయన్నమాట! అనుమానముంటే, ఐఎల్-6ను అడ్డుకునే యాంటీబాడీ యాంటీ-ఐఎల్-6 వేయండి.

చివర్లో, రెగ్యులేటరీ టీ కణాలను గుర్తుపట్టే ప్రోటీన్ ఫాక్స్‌పీ3 ఉందో లేదో రంగు వేసి చూడాలి. అది కేంద్రకంలో ఉంటుంది కాబట్టి, కణాలకు రంధ్రాలు చేసే బఫర్ వాడకపోతే రంగు లోపలికి పోదు.