కొత్త టిఫిన్ హోటలును చెత్త బండికి భారం కాకుండా నడపడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఊళ్లలో కొత్తగా టిఫిన్ హోటలు పెడుతూ, పర్యావరణానికి హాని చేయకుండా నడపాలన్న ఆలోచనతో సలహా అడిగేవారి వంటగదిని నేను మొదట చూడను; పెరడు చూస్తాను. ఆకు దొప్పలు కొనడం, దీపాలు మార్చడం ఒక్క పూటలో అయిపోయే పనులు. రోజూ మిగిలే తడి చెత్తను కంపు కొట్టకుండా ఎరువుగా మార్చడం దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు.

సామగ్రికి పెద్దగా ఆలోచించవలసిన అవసరం లేదు. స్టీలు పళ్లేలు, స్టీలు గ్లాసులు, మూత గట్టిగా కూర్చునే ఇడ్లీ పాత్ర, 75 వాట్ల పాత ఫ్యాన్లకు బదులు సుమారు 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఎల్ఈడీ దీపాలు ఉంటే చాలు. బోర్డును రేకు మీద రంగులతో ఒడియాలోనూ తెలుగులోనూ రాయించాలి. "పర్యావరణ హితం" అని ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి వేలాడదీసేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది, ఎందుకంటే ఆ ఫ్లెక్సీయే పీవీసీ ప్లాస్టిక్కు.

పార్శిలు విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ప్లాస్టిక్ చేతిసంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్న నియమం ఆ ఏడాది డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. గుడ్డ సంచి అనుకొని చాలామంది కొనే నాన్‌వోవెన్ సంచి కూడా ప్లాస్టిక్కేనని, కాగితం కప్పు లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుందని గుర్తుంచుకోవాలి. కొండల్లోని సవర మహిళలు కుట్టి తెచ్చే అడ్డాకు విస్తర్లు, దొప్పలు మన సంతల్లోనే దొరుకుతాయి. ఒడియావారు ఆ ఆకునే సియాళి అంటారు. వాటిని పార్శిలుకు మాత్రమే వాడాలి, హోటల్లో కూర్చుని తినేవారికి స్టీలు పళ్లెమే పెట్టాలి. ఆకు పెడితే కడిగే నీళ్లు మిగులుతాయని వాదించేవారున్నారు గాని, రోజుకు మూడు వందల విస్తర్లు పెరట్లో గుట్టపడితే ఏం జరుగుతుందో వారు చూసి ఉండరు. సాంబారును, ఘుగునిని (బఠాణీల కూరను) పల్చటి కవర్లలో పోసి దారం చుట్టి ఇవ్వడం మొదటి రోజు నుంచే మానుకోవాలి. కావలసినవారు గిన్నె తెచ్చుకోవాలి, తెచ్చుకున్నవారికి రెండు రూపాయలు తగ్గించాలి. దీనివల్ల గిరాకీ పోతుందని భయపడతారు. నా అనుభవంలో పదిహేను రోజుల్లో అందరికీ అలవాటయింది.

వడలు, పూరీలు వేయించిన నూనెను కాలువలో పోయకూడదు, మరునాటి కూరలో కలపకూడదు. మాడిన నూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదన్నది ఆహార భద్రతా సంస్థ నియమం. ఆ నూనెను డబ్బాలో నిలవ చేసి, బయోడీజిలు తయారీకి సేకరించే అనుమతి ఉన్నవారికి అప్పగించాలి. చిన్న బాణలి వాడితే మిగిలే నూనే తగ్గుతుంది.

ఇక అసలు పని. చెత్తను తడి, పొడి అంటూ వేర్వేరు బుట్టల్లో వేయడంతో అది మొదలవుతుంది, కాని బుట్టలోకి చేరకముందే సగం బరువును తప్పించవచ్చు. బియ్యం కడిగిన నీళ్లు, మినపపొట్టు, కూరగాయల తొక్కలు పాడి ఉన్నవారి కుడితి తొట్టికి చేరాలి. పులిసి పాడైనవి మాత్రం పశువులకు పెట్టకూడదు. మిగిలిన తడి చెత్తకు రెండు వందల లీటర్ల డ్రమ్ములు మూడు తీసుకుని, చుట్టూ, అడుగున చిటికెన వేలంత రంధ్రాలు చేయించి, ఇటుకల మీద నిలబెట్టి, అడుగున జానెడు ఎత్తున కొబ్బరి డొక్కలు పరవాలి.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. తడి చెత్తను ముందుగా జల్లిబుట్టలో అరగంట వార్చాలి, ఎందుకంటే సాంబారు, చట్నీల ఉప్పునీరు డ్రమ్ములోకి పోతే గాలి ఆడదు, మాగించే సూక్ష్మజీవులూ దెబ్బతింటాయి. ఆ తరువాత ఒక బక్కెట్టు తడి చెత్తకు రెండు బక్కెట్ల ఎండుటాకులు కలిపి, పైన మరొక పొర ఎండుటాకులు కప్పాలి. అందరూ తప్పేది ఇక్కడే: ఎండుటాకులు చేతికి అందుబాటులో లేని రోజున "రేపు వేద్దాం" అనుకుంటారు, ఆ రేపటికి ఈగలు వస్తాయి. మామిడి, జీడిమామిడి, టేకు ఆకులు రాలే ఫాల్గుణ, చైత్ర మాసాల్లోనే కనీసం ఇరవై గోనెసంచులు నింపి, తడవని చోట అట్టిపెట్టుకోవాలి. నేను మొదటి ఏడాది ఆ పని చేయక, శ్రావణంలో ముసురు పట్టినప్పుడు వట్టి తడి చెత్తనే డ్రమ్ములో పోసి, ఇరుగుపొరుగు చేత నాలుగు మాటలు పడ్డాను. వరి ఊకతో సరిపెట్టవచ్చని కొందరంటారు. అది త్వరగా కుళ్లదు కాబట్టి ఆకులకు బదులుగా పనికిరాదు. ప్లైవుడ్డు కోసిన పొట్టును జిగురు ఉన్నందువల్ల అసలు తాకకూడదు.

రెండు రోజులకొకసారి డ్రమ్ములోంచి పిడికెడు తీసి గట్టిగా పిండి చూడాలి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు ఊరితే సరిగ్గా ఉన్నట్టు, ధారగా కారితే ఎండుటాకులు చాలనట్టు, పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించవలసినట్టు. మూడు నాలుగు రోజుల తరువాత ఇనుప చువ్వను మధ్యలో గుచ్చి పది నిమిషాలకు తీసి ముట్టుకుంటే చురుక్కుమనాలి. వేడెక్కలేదంటే గాలో తేమో తడి చెత్తో తక్కువైనట్టే. వారానికొకసారి తప్పకుండా తిరగేయాలి. కుళ్లిన గుడ్డు కంపు వస్తే గాలి ఆడడం లేదని గ్రహించి అంతా బయటికి తీసి, ఆకులు కలిపి మళ్లీ నింపాలి. ముక్కు మండే అమ్మోనియా వాసన వస్తే తిరగేయడంతోపాటు ఎండు సరుకు ఎక్కువ వేయాలి. ఏ కంపుకైనా బ్లీచింగు చల్లేవారు వైద్యం పేరుతో రోగినే చంపుతున్నట్టు, ఎందుకంటే కంపోస్టు చేసే ప్రాణులే అందులో చస్తాయి. దుకాణాల్లో అమ్మే పొడులు కూడా అక్కరలేదు; ఒక చెంబు పేడనీళ్లు చాలు. మాంసం, చేపముళ్లు, వాడిన నూనె, కాగితం కప్పులు డ్రమ్ములో వేయకూడదు.

డ్రమ్ము నిండాక రోజువారీ చెత్తను రెండో డ్రమ్ముకు మార్చి, మొదటిదాన్ని తిరగేస్తూ సుమారు రెండు నెలలు మాగనివ్వాలి. తొలకరి తడిసిన మట్టి వాసన వచ్చినంత మాత్రాన అయిపోయిందని నమ్మకూడదు. పిడికెడు ఎరువును తడిపి సీసాలో మూతపెట్టి మూడు రోజులు ఉంచి తెరిచినప్పుడు కూడా అదే వాసన ఉంటేనే మొక్కలకు వేయాలి. జల్లెడ పట్టగా మిగిలిన డొక్కలను, ఉండలను పారేయకుండా తరువాతి డ్రమ్ము అడుగున వేస్తే, పాలకు మజ్జిగ తోడు వేసినట్టు అది త్వరగా అందుకుంటుంది.