బాకీలున్నాయి, మనుషుల్లేరు

మా బాబాయి ఎరువుల కొట్టు ఖాతాలు కొత్త సర్వర్‌కి మార్చిన రోజు "కొండయ్య" ఉండాల్సిన చోట నెత్తిన గీతతో ఇంగ్లీషు చిన్న ఎ, పక్కన డిగ్రీ సున్నా, మళ్లీ అదే వరస. బాబాయి ఫోన్ చేసి, "ఒరే, బాకీలున్నాయి గానీ మనుషుల్లేరు!"

ఆ గీత-సున్నా జంట కనిపిస్తే కంగారు పడకండి. కంప్యూటర్ అక్షరాల్ని బైట్లనే అంకెలుగా దాస్తుంది. అలా దాచే ఒక పద్ధతి యూటీఎఫ్-8, అందులో ఒక్కో తెలుగు అక్షరానికి, గుర్తుకి మూడు బైట్లు. వాటిని బైటుకో అక్షరం అనుకునే లాటిన్1 పద్ధతిలో చదివితే ఇలాగే ఉంటుంది.

ముందు బ్యాకప్ తీయండి. తర్వాత ఖాతాలుండే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో హెక్స్ ఫంక్షన్‌తో ఒక పేరు చూడండి, అది బైట్లని ఉన్నవున్నట్టు చూపిస్తుంది. "క" దగ్గర ఇ0బి095 వస్తే బైట్లు సరైనవే. సి3ఎ0తో మొదలైతే రెండుసార్లు ఎన్‌కోడ్ అయ్యింది, అంటే బైట్లనే అక్షరాలనుకుని మళ్లీ బైట్లుగా మార్చింది. అన్నీ 3ఎఫ్‌లే అయితే అవి నిజంగానే ప్రశ్నార్థకాలు, పాత బ్యాకప్ వెతుక్కోవడమే.

మాది మొదటి రకం: బైట్లు తెలుగువే, కాలమ్ మీద ఏ పద్ధతో చెప్పే లేబుల్ మాత్రం లాటిన్1. దాన్ని నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కి (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు ఇదే) మార్చానో, రెండో రకం తయారైంది! (కాపీ మీద చేశా కాబట్టి బతికిపోయా.) కాలమ్‌ని ముందు బ్లాబ్ (ఉత్త బైట్లు దాచే రకం) చెయ్యాలి, ఆ తర్వాతే యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్. బ్లాబ్‌కి లేబుల్ ఉండదు, అందుకే బైట్లు కదలవు.

పీహెచ్‌పీ ప్రోగ్రాంలో డేటాబేస్‌కి కలిపే కనెక్షన్ లైన్లో కూడా చార్‌సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని రాయండి, లేకపోతే కొత్త పేర్లు మళ్లీ పాడవ్వొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అంటే అక్షరానికి మూడు బైట్ల దాకే. తెలుగుకి చాలు గానీ, బాకీ తీర్చినవాళ్ల పేరు పక్కన బాబాయి పెట్టే దణ్ణం ఎమోజీకి నాలుగు కావాలి.