డాలస్‌లో చలి ముదిరేలోపు గ్రీన్‌హౌస్ జాగ్రత్తలు

డాలస్ వైపు నవంబరు మూడో వారం దాటితే ఏ రాత్రయినా ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్‌కి దిగొచ్చు. పెరటి గ్రీన్‌హౌస్‌లో కరివేపాకు, మల్లె పెంచుకుంటున్నవాళ్లు ఈ వారమే ఇవి చూసుకోండి.

– బొగ్గుల కుంపటి, గ్రిల్ లోపల వద్దే వద్దు. మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. మొక్కలు చూడ్డానికి వెళ్లిన మనిషి ప్రాణమే పోవచ్చు. పొగగొట్టం లేని ప్రొపేన్ హీటరూ ప్రమాదమే. దాన్నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తే ఆకులు, మొగ్గలు కూడా రాలిపోతాయి.

– ఎలక్ట్రిక్ హీటర్‌ని నేరుగా జీఎఫ్‌సీఐ ప్లగ్గుకే (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ప్లగ్గు) పెట్టండి. 1,500 వాట్ల లోడుకి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు కరిగిపోతుంది. చుట్టూ మూడడుగుల ఖాళీ ఉండాలి.

– కరెంటు పోతే ఏంటన్నది ముందే ఆలోచించుకోండి. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. టెక్సాస్‌లో లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి హెచ్చరిక వస్తే హీటర్‌ని నమ్ముకోకండి, కుండీలు ఇంట్లోకి తెచ్చేయండి.

– థర్మామీటర్ కుండీల ఎత్తులో పెట్టండి. వేడి పైకి పోతుంది కాబట్టి కప్పు దగ్గరి అంకె మోసం చేస్తుంది. కరివేపాకుకి 5 డిగ్రీల కింద కష్టం.

– దుప్పటి కప్పితే నేలదాకా దించండి, నేల వేడి లోపలే ఆగుతుంది. ప్లాస్టిక్ షీటు మాత్రం ఆకులకి తగలనివ్వొద్దు. తగిలినచోట ఆకు నల్లబడుతుంది.

– ఎండ రాగానే తలుపు కాసేపు తెరవండి. లేదంటే తేమకి బూజు పడుతుంది.