షోకేసులో పదేళ్లున్న వైట్ వైన్: పాడైందా, ముసలిదైందా?

ఉభయ గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో ఇలాంటి సీసా ఒకటి ఉంటుంది. ఫారిన్ నుంచి వచ్చిన బావగారో, అల్లుడుగారో ఇచ్చి వెళ్తారు. మంచి రోజు చూసి తీద్దామని హాల్లో అద్దాల షోకేసులో నిలబెడతాం. ఆ రోజు వచ్చేసరికి ఏడెనిమిది వేసవులు దాటిపోతాయి. మా పాలకొల్లు ఇంట్లోనూ అదే జరిగింది. 2014లో బావగారు తెచ్చిన రెండు ఫ్రెంచ్ వైట్ వైన్ సీసాల్లో ఒకటి మొన్న సంక్రాంతికి తీశాం. గ్లాసులో పొయ్యగానే బాబాయ్ "ఇదేంట్రా, డికాషన్‌లా ఉంది? పారబొయ్యి" అన్నారు. "ఆగు బాబాయ్, ఓ పావుగంట చూద్దాం" అన్నాను. ఆ పావుగంటలో ఏం చూడాలో తెలియక మంచి సీసాలు కూడా సింకులోకి పోతున్నాయి. నా బాధ అదే.

కడుపు పాడవుతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. వైన్‌లో పులుపు, ఆల్కహాల్ రెండూ ఉంటాయి కాబట్టి రోగం తెచ్చే క్రిములు అందులో బతకలేవు. పాత వైన్‌లో చెడేది రుచే.

తీసే ముందు సీసాను ఒక రోజు ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచండి, మడ్డి కిందికి దిగుతుంది. పొయ్యడానికి ఇరవై నిమిషాల ముందు బయట పెట్టండి. మరీ చల్లగా ఉంటే మంచి వాసనా తెలియదు, చెడ్డ వాసనా తెలియదు. పాత బిరడా పొడిపొడిగా రాలితే కంగారు పడకండి. టీ వడకట్టే జల్లెడతో వడకడితే సరిపోతుంది.

రంగు ముదిరింది

తెల్ల పంచె మీద గ్లాసు వంచి చూడండి. వైట్ వైన్ వయసుతో పాటు ముదురుతుంది, అది సహజం. ముదురు బంగారు రంగు ఉంటే ఇంకా ఆశ ఉంది. సోటర్న్ లాంటి తీపి వైన్లకైతే ఆ రంగే అందం. తీపి లేని వైన్ గోధుమ రంగుకు తిరిగితేనే అనుమానించాలి. అయినా రంగు చూసి తీర్పు చెప్పొద్దు, ముక్కు దగ్గర పెట్టండి.

కోసి వదిలేసిన ఆపిల్ వాసన, రుచి చప్పగా ఉంది

మన వైపు ఎక్కువగా కనిపించేది ఇదే. గాలి సోకి ఆల్కహాల్‌లో కొంత ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. కమిలిన ఆపిల్, నిల్వ జీడిపప్పు లాంటి వాసన దానిదే. నిలబెట్టిన సీసాలో బిరడా ఎండి బిగువు తగ్గుతుంది. దాని మీద మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండ, రాత్రి ఏసీ, మధ్యలో కరెంటు కోత. వేడికి వైన్ ఉబ్బి బిరడాను పైకి తోస్తుంది, చల్లబడినప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. సీసా మెడ దగ్గర జిగురు మరకలు, పైకి లేచిన బిరడా, బాగా తగ్గిన మట్టం కనిపిస్తే తీయకముందే తెలిసిపోతుంది.

వెనకటికి మదీరా ద్వీపం వైన్‌ను ఓడల్లో ఉష్ణమండలం మీదుగా తీసుకెళ్తే ఆ వేడికి కొత్త రుచి పట్టేది, తర్వాత కావాలనే అలా చేసేవారు. ఆ వైన్‌కు అది చెల్లింది. మామూలు వైట్ వైన్‌కు చెల్లదు.

అన్ని వేళలా నిల్వ తప్పే అనుకోకూడదు కూడా. 1990ల మధ్య నుంచి ఫ్రాన్స్‌లోని బుర్గుండి ప్రాంతంలో తయారైన వైట్ వైన్లు చాలానే చల్లటి నేలమాళిగల్లో ఉండి కూడా అనుకున్న కాలం కంటే ముందే ఇలా అయ్యాయి. ఒకే పెట్టెలో ఒక సీసా బంగారంలా ఉంటే, పక్కది గోధుమ రంగులో తేలేది.

దీన్ని వెనక్కి తిప్పే మార్గం లేదు. పావుగంటలో వాసన ఇంకా ముదిరితే వంటకు వాడేయండి. రొయ్యల ఇగురులో అరగ్లాసు పోసి బాగా మరిగిస్తే బాగుంటుంది.

వానకు తడిసిన పుస్తకాల వాసన

గోదావరి వరద ఇంట్లోకి వచ్చి వెళ్లాక అట్టపెట్టెలు ఎలా వాసనేస్తాయో మనకు వేరే చెప్పక్కర్లేదు. వైన్‌లో అదే వాసన వస్తే బిరడా దోషం. టీసీఏ అనే పదార్థం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకు తెలుస్తుంది, పండు వాసనను మింగేస్తుంది. ఇక్కడే పావుగంట పనికొస్తుంది. చాలా ఏళ్లు మూసి ఉన్నందువల్ల వచ్చే ముక్కిన వాసనైతే గాలి తగిలి తగ్గుతుంది. టీసీఏ అయితే తగ్గదు, ఇంకా తేటగా తెలుస్తుంది. అప్పుడు పారబొయ్యండి. కూరలో పోస్తే కూర కూడా పోతుంది.

పులిసిన కల్లు వాసన

పొద్దున దించిన తాటికల్లు సాయంత్రానికి ఏమవుతుందో వైన్‌లోనూ అదే. బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను వెనిగర్ చేస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన తోడైతే బాగా ముదిరిందని అర్థం. తాగడానికి పనికిరాదు.

కాల్చిన అగ్గిపుల్ల, కుళ్లిన గుడ్డు

గంధకం వాసనలివి. గాలి అందక వస్తాయి కాబట్టి గాలి తగిలితే చాలాసార్లు పోతాయి. గ్లాసు గుండ్రంగా తిప్పండి, లేదా గాజు జగ్గులోకి ఒంపండి. అప్పటికీ పోకపోతే శుభ్రంగా తోమిన రాగి చెంచాతో కొన్ని క్షణాలు కలిపి తీసేయండి. రాగి ఆ గంధకాన్ని పట్టేస్తుంది. రాగి గ్లాసులో మాత్రం వైన్ పొయ్యొద్దు, పులుపుకు రాగి కరిగి వైన్‌లోకి దిగుతుంది.

కిరోసిన్ వాసన వస్తే ముందు లేబుల్ చూడండి. రీస్లింగ్ అనే ద్రాక్షతో చేసినదైతే వయసుతో వచ్చే సహజ గుణమది, ఇష్టపడి తాగేవాళ్లున్నారు. అడుగున గాజు పెంకుల్లా మెరిసేవి టార్టారిక్ ఆమ్లం తాలూకు స్ఫటికాలు. మన చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లానిదే. హాని లేదు, వడకట్టుకోండి.

ఏ చెడ్డ వాసనా లేదు, కానీ ఏమీ లేదు

నిజంగా వయసు దాటిన వైన్ అంటే ఇదే. పండు రుచి వెళ్లిపోయి పులుపు ఒంటరిగా మిగులుతుంది, మింగగానే రుచి ఆగిపోతుంది. ఇందులో మీ తప్పు ఉండకపోవచ్చు. వైట్ వైన్లలో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగడానికి చేసినవే. పదేళ్లు తట్టుకునేవి బుర్గుండిలో షార్డొనే ద్రాక్షతో చేసిన మంచి వైన్లు, జర్మన్ రీస్లింగ్, ఫ్రాన్స్‌లోని ల్వార్ లోయలో షెనాన్ బ్లాన్ ద్రాక్షతో చేసినవి లాంటి కొన్నే. ఇలాంటి సీసాను జగ్గులోకి ఒంపకండి, ఉన్న కాస్త వాసనా ఎగిరిపోతుంది. చిన్న గ్లాసుల్లో పోసి అరగంటలో ముగించండి. పక్కన కారం ఘాటుగా ఉన్న చేపల పులుసు వద్దు. ఉప్పు జీడిపప్పు, కొబ్బరిపాలు పోసి కారం తగ్గించిన రొయ్యల కూర సరిపోతాయి.

మా సీసా ఆపిల్ వాసనకీ ఈ చివరి దశకీ మధ్యలో తేలింది. మొదటి పది నిమిషాలు వేయించిన జీడిపప్పు, తేనె వాసన తేటగా వచ్చింది. పారబొయ్యమన్న బాబాయే రెండోసారి పోయించుకున్నారు. అరగంట దాటాక చప్పబడింది, మిగిలింది రొయ్యల్లోకి వెళ్లింది.

రెండో సీసాను ఆ సాయంత్రమే షోకేసులోంచి తీసి ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో పడుకోబెట్టాను. ఎండలు ముదరకముందే, ఉగాదికి తీసేస్తాం.