ఓట్స్, నట్స్, ఎండు పళ్లతో ఎనర్జీ బార్లు ఇంట్లోనే చేసుకోవడం ఎలా?

ఎనర్జీ బార్ చేయడంలో కష్టమంతా ఒక్కచోటే ఉంది. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలిపోకూడదు, కొరికితే దవడలు నొప్పి పుట్టకూడదు. ఏ నట్స్ వేశాం, ఎన్ని రకాల ఎండు పళ్లు కలిపాం అన్నది రుచికి సంబంధించిన సంగతి. బార్ విరిగిపోకుండా నిలవాలంటే మాత్రం రెండు విషయాలు సరిగ్గా కుదరాలి: అన్నిటినీ పట్టి ఉంచే జిగురు చిక్కదనం ఒకటి, మిశ్రమాన్ని ట్రేలో అదిమే తీరు రెండోది. చాలామంది నట్స్ ఎంపిక దగ్గర పెట్టే శ్రద్ధలో సగం కూడా ఈ రెండింటి మీద పెట్టరు.

ఓవెన్ అక్కరలేదు. పొయ్యి, మందపాటి మూకుడు, మిక్సీ, ఫ్రిజ్ ఉంటే చాలు. వంటింటి తూకం ఉంటే మరీ మంచిది. ఖర్జూరం, తరిగిన నట్స్ లాంటివి కప్పుతో కొలిస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తాయి.

కావలసినవి

20 సెంటీమీటర్ల చదరపు ట్రేకు, అంటే 16 బార్లకు ఈ కొలతలు సరిపోతాయి.

రోల్డ్ ఓట్స్: 150 గ్రాములు
గింజ తీసిన మెత్తని ఖర్జూరం: 200 గ్రాములు
బాదం, జీడిపప్పు, వాల్‌నట్, పిస్తా, ఏవైనా కలిపి: 120 గ్రాములు
గుమ్మడి లేదా పొద్దుతిరుగుడు గింజలు: 30 గ్రాములు
ఎండు ద్రాక్ష, ఆప్రికాట్, అంజీర్, క్రాన్‌బెర్రీ లాంటి ఎండు పళ్లు: 80 గ్రాములు
తేనె: 60 గ్రాములు (సుమారు 3 టేబుల్ స్పూన్లు)
పీనట్ బటర్ లేదా ఆల్మండ్ బటర్: 60 గ్రాములు
ఉప్పు: పావు టీస్పూన్

ఉప్పు మానేయకండి. ఖర్జూరం, తేనె రెండూ తీపే కాబట్టి ఆ కాస్త ఉప్పు లేకపోతే రెండో ముక్కకే వెగటు వేస్తుంది.

ఓట్స్‌లో రకం చూసుకోవాలి. రోల్డ్ ఓట్స్ అంటే గింజను ఆవిరి పట్టి, రోలర్ల మధ్య నొక్కి రేకులుగా చేసినవి. బార్లకు ఇవే సరైనవి, నమిలేటప్పుడు ఆ రేకు తెలుస్తుంది. ఇన్‌స్టంట్ ఓట్స్ మరీ పల్చగా, నలిగి ఉంటాయి. తేమ తగలగానే మెత్తబడిపోతాయి. అవే ఉంటే వాటితోనూ చేసుకోవచ్చు గాని, బార్ ముద్దగా వస్తుంది. స్టీల్ కట్ ఓట్స్ మాత్రం వద్దు. అవి గింజను ముక్కలుగా కోసినవి, ఉడికిస్తే తప్ప నమలలేం.

వేయించడం

మూకుడు వేడెక్కాక ఓట్స్ వేసి, సన్నని సెగ మీద 6 నుంచి 8 నిమిషాలు కలుపుతూ వేయించండి. రంగు పెద్దగా మారదు కాబట్టి వాసనను నమ్ముకోవాలి. పచ్చివాసన పోయి కమ్మని వాసన రాగానే దించి, వెడల్పాటి పళ్లెంలో పరచండి. వేడి మూకుడులోనే వదిలేస్తే అడుగువి మాడిపోతాయి. వేయించినందువల్ల రుచి పెరగడమే కాదు, ఓట్స్‌లో మిగిలిన తేమ కూడా పోతుంది. బార్ ఎక్కువ రోజులు నిలవడానికి అది పనికొస్తుంది.

నట్స్‌ను ఓట్స్‌తో కలిపి వేయించవద్దు. దేని సమయం దానిది. బాదం నెమ్మదిగా వేగుతుంది, జీడిపప్పు చూస్తుండగానే రంగు మారుతుంది, వాల్‌నట్‌కు ఉన్న పల్చని పొర ఇంకా త్వరగా మాడి చేదెక్కుతుంది. బాదం వేగిందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. ఒక పప్పు తీసి అడ్డంగా కోయండి. లోపల తెలుపు పోయి లేత గోధుమ రంగు వచ్చి ఉంటే చాలు. తొక్కంత ముదురు రంగులోకి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. దించిన తర్వాత కూడా లోపలి వేడికి అవి ఇంకాస్త వేగుతాయి, అందుకని అనుకున్నదానికంటే ఒక అడుగు ముందే దించాలి. గుమ్మడి గింజలైతే ఉబ్బి చిటపటలాడగానే తీసేయవచ్చు.

ఓవెన్ ఉన్నవాళ్లు ఓట్స్‌ను, నట్స్‌ను వేర్వేరు ట్రేలలో 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి కలిపితే సరిపోతుంది. వాల్‌నట్‌ను కాస్త ముందే తీసేయాలి.

తరగడం

నట్స్ చల్లారాక శనగ గింజంత ముక్కలుగా తరగండి. బాదంను నిండుగా వేస్తే చూడటానికి బాగుంటుంది గాని, కత్తి దిగేటప్పుడు సరిగ్గా ఆ గింజ దగ్గరే బార్ చీలుతుంది. తరిగాక పలక మీద మిగిలిన పొడిని పారేయకుండా అందులోనే కలపండి. అది ముక్కల మధ్య సందులను నింపుతుంది.

ఎండు పళ్లకు కత్తికంటే కత్తెర మేలు. దానికి కొద్దిగా నూనె రాస్తే అంటుకోదు. ఆప్రికాట్ కొనేటప్పుడు ఒక విషయం గమనించండి. నిగనిగలాడే నారింజ రంగులో ఉన్నవాటికి ఆ రంగు నిలవడానికి సల్ఫర్ డయాక్సైడ్ పట్టి ఉంటారు. అది పట్టనివి గోధుమ రంగులోకి మారతాయి. చూపుకు ఆనకపోయినా రుచిలో ఏ లోటూ ఉండదు. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి సల్ఫర్ డయాక్సైడ్ లాంటి సల్ఫైట్లు పడవు కాబట్టి అలాంటివారు గోధుమ రంగువే ఎంచుకోవాలి. పంచదార పాకంలో ఊరబెట్టిన పళ్లు, తాజా పళ్ల ముక్కలు ఈ బార్లకు పనికిరావు. మొదటివి తీపిని మరీ పెంచుతాయి, రెండోవి నీరు వదిలి బార్‌ను పాడు చేస్తాయి.

జిగురు తయారు చేయడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఖర్జూరాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కండి. సులువుగా నలిగితే నేరుగా మిక్సీలో వేయవచ్చు. గట్టిగా ఉంటే వేడినీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, వడకట్టి, పొడిబట్టతో అద్ది తడంతా తీసేయాలి. ఎక్కువసేపు నానితే నీరు లోపలికి దిగుతుంది. ఆ నీరే తర్వాత బార్‌ను జారుగా చేస్తుంది, త్వరగా బూజు పట్టిస్తుంది. ఎండు పళ్లు అన్ని నెలలు చెడకుండా ఉండేది సూక్ష్మజీవులకు అందేంత తేమ వాటిలో లేకపోవడం వల్లే. మనం నీళ్లు కలిపితే ఆ రక్షణ పోయినట్టే.

మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఖర్జూరం మొదట ముక్కలవుతుంది, తర్వాత ముద్దగా చుట్టుకుంటుంది. మధ్యలో బ్లేడు తిరగక మొరాయిస్తే నీళ్లు పోయాలనిపిస్తుంది, పోయకండి. ముద్దను రెండు వాయలుగా చేసుకోండి, లేదా కొలిచి పెట్టుకున్న తేనెలోంచే ఒక చెంచా వేయండి.

మిగిలిన తేనెను చిన్న గిన్నెలో సన్నని సెగ మీద పెట్టండి. అంచుల్లో మొదలైన బుడగలు మధ్యకు వచ్చాక ఒక నిమిషం ఆగి, ఒక చుక్క తీసి చన్నీళ్లలో వేయండి. వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండలా చేతికి రావాలి. థర్మామీటర్ ఉంటే 112 నుంచి 116 డిగ్రీల మధ్య చూపిస్తుంది. చుక్క నీళ్లలో కరిగిపోతే ఇంకొంచెం మరగాలి. అంతకు మించి మరిగిస్తే మాత్రం తేనెలో నీరు ఆవిరై చక్కెరలు చిక్కబడతాయి, చల్లారాక బార్ గట్టిపడుతుంది. 130 డిగ్రీలు దాటిన పాకం పంటి కింద పటుక్కుమంటుంది, మనకు కావలసింది అది కాదు.

పాకం కుదరగానే పొయ్యి ఆపేసి, పీనట్ బటర్, ఉప్పు, ఖర్జూరం ముద్ద అందులో వేసి బాగా కలపండి. పీనట్ బటర్‌ను పొయ్యి మీద ఉండగా వేస్తే అడుగంటుతుంది.

ఖర్జూరం అసలే వద్దనుకునేవారు తేనెను 150 గ్రాములకు, పీనట్ బటర్‌ను 120 గ్రాములకు పెంచి ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు. ఆ బార్ గది వేడికి త్వరగా మెత్తబడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. నా ఓటు ఖర్జూరానికే. దానిలోని పీచు మిశ్రమాన్ని నిలబెట్టినట్టు ఒట్టి తేనె నిలబెట్టలేదు.

కలపడం, పిడికిలి పరీక్ష

పెద్ద గిన్నెలో ఓట్స్, నట్స్, గింజలు, ఎండు పళ్లు వేసి, జిగురు గోరువెచ్చగా ఉండగానే పోసి కలపండి. చల్లారితే ఒకచోట ముద్దగా, ఒకచోట పొడిగా ఉండిపోతుంది. గరిటెతో మొదలుపెట్టినా చివరికి చేయి పెట్టక తప్పదు. చేతికి రెండు చుక్కల నూనె రాసుకుని అడుగునుంచి పైకి పిసకండి.

ఇప్పుడు గుప్పెడు మిశ్రమం తీసుకుని గట్టిగా పిడికిలి బిగించి విప్పండి. ముద్ద అలాగే నిలిచి, వేళ్ల అచ్చు దాని మీద కనిపించాలి. విడిపోతే ఒక చెంచా తేనె కలపండి. అరచేతికి అంటుకుని ఊడిరాకపోతే, ఓట్స్‌ను పొడి చేసి రెండు చెంచాలు చల్లండి. ఏ మార్పయినా ఇప్పుడే చేయాలి, ట్రేలోకి వెళ్లాక సరిదిద్దడం కష్టం.

చాక్లెట్ ముక్కలు వేయాలనుకుంటే మిశ్రమం దాదాపు చల్లబడేదాకా ఆగండి. అందులోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికంటే తక్కువలోనే కరిగిపోతుంది.

అదమడం

ట్రేలో బేకింగ్ పేపర్‌ను రెండు వైపులా అంచులు పైకి వచ్చేలా పరచండి, తర్వాత పట్టుకుని లేపడానికి వీలుగా ఉంటుంది. మిశ్రమాన్ని వేసి ముందు నాలుగు మూలలూ నింపండి. మధ్యనుంచి మొదలుపెడితే మూలలు వదులుగా మిగిలి, అక్కడి బార్లు రాలిపోతాయి. పైన ఇంకో కాగితం వేసి, అడుగు చదునుగా ఉన్న గ్లాసుతోనో గిన్నెతోనో అదమండి.

చేతి బలం చాలదు, ట్రే మీదికి వంగి ఒంటి బరువు వేయాలి. ఈ మూల నుంచి ఆ మూలకు రెండు మూడు నిమిషాలు విడవకుండా నొక్కండి. ముక్కల మధ్య గాలి ఉన్నచోట జిగురు అంటదు, తర్వాత విరిగేది అక్కడే. చాలినంత అదిమామా లేదా అన్నది మందం చెబుతుంది. పైన ఇచ్చిన కొలతలకు 20 సెంటీమీటర్ల ట్రేలో ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గరికి దిగాలి. రెండు సెంటీమీటర్లకు పైన ఉందంటే ఇంకా గాలి మిగిలింది, మళ్లీ మొదలుపెట్టండి.

ట్రేను కనీసం రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. తర్వాత కాగితంతో సహా పైకి తీసి, బరువైన పెద్ద కత్తితో నిలువుగా ఒక్క ఒత్తుతో కోయండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే అంచులు చెదురుతాయి. ముందు మధ్యకు కోసి, ఒక్కో సగాన్ని ఎనిమిది భాగాలు చేస్తే 10 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉన్న 16 బార్లు వస్తాయి.

ఎంత తినాలి, ఎవరు తినకూడదు

ఒక్కో బార్ సుమారు 45 గ్రాములు, 170 నుంచి 180 కిలోకేలరీలు ఉంటుంది. ఇందులో పంచదార వేయలేదు కదా అని లెక్కలేకుండా తినడం సరికాదు. ఖర్జూరం, తేనెలది కూడా చక్కెరే. నడక, ఆటలు, ప్రయాణం ఉన్న రోజున ఒకటి మంచి ఆసరా, కదలకుండా కూర్చునే రోజున అది అదనపు తిండి. పళ్లకు అంటుకునే పదార్థం కాబట్టి తిన్నాక నీళ్లు పుక్కిలించడం అలవాటు చేసుకోవాలి.

పరుగుకు ముందు తినేవారు గంటన్నర, రెండు గంటల వ్యవధి ఇవ్వాలి. నట్స్‌లోని కొవ్వు, ఓట్స్‌లోని పీచు నెమ్మదిగా అరుగుతాయి. మారథాన్ పరుగుల వీరుడు బ్రయాన్ మాక్స్‌వెల్ 1986లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన పవర్‌బార్ అనే ఎనర్జీ బార్‌లో కొవ్వు బాగా తక్కువగా ఉండటానికి కారణం ఇదే. అది పరుగు మధ్యలో తినడానికి చేసినది. మనం చేసుకునేది ఆకలిని ఎక్కువసేపు ఆపే రకం, రెండింటి అవసరం వేరు.

ఏడాది నిండని పిల్లలకు ఈ బార్ పెట్టకూడదు. తేనెలో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు, ఇంట్లో మరిగించినంత మాత్రాన అవి చావవు. అయిదేళ్లలోపు పిల్లలకు నట్స్ ముక్కలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, వాళ్ల కోసం నట్స్‌ను మెత్తగా పొడి చేసి కలపండి. నట్స్ పడనివారికి అవి తీసేసి అంతే బరువు గుమ్మడి, పొద్దుతిరుగుడు గింజలు, పీనట్ బటర్‌కు బదులు పొద్దుతిరుగుడు గింజల వెన్న వాడవచ్చు. ఆ బార్లకు వాడే మిక్సీ, కత్తి, పలక ముందే శుభ్రంగా కడగాలి. గోధుమలో ఉండే గ్లూటెన్ పడనివారు ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉన్న ఓట్స్ మాత్రమే కొనాలి, ఎందుకంటే మామూలు ఓట్స్‌లో పొలం దగ్గరో మిల్లులోనో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ.

నిలవ చేయడం

ఒక్కో బార్‌ను విడిగా బేకింగ్ పేపర్‌లో చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. చల్లని గదిలో నాలుగైదు రోజులు, ఫ్రిజ్‌లో రెండు వారాలు, ఫ్రీజర్‌లో మూడు నెలలు బాగుంటాయి. వాల్‌నట్ ఎక్కువగా వేసినవి ముందు తినేయండి. వాటి నూనె గాలి తగిలి మిగతా నట్స్‌కంటే త్వరగా చెడి, పాత నూనె వాసన, చేదు వస్తాయి. ఫ్రీజర్‌లోంచి తీసినది చుట్టిన కాగితం విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. ముందే విప్పితే గాలిలోని తేమ చల్లని బార్ మీద నీటి చుక్కలుగా చేరి, పైపొర జిగటగా మారుతుంది. పొద్దున బయటికి వెళ్లేటప్పుడు సంచిలో వేసుకుంటే ఆకలి వేసే వేళకు తినడానికి సరిగ్గా ఉంటుంది.